అందరివీ గుండ్లే: ఇంటిల్లిపాదీ కొండకు

తిరుమలకు నడిచి వెళ్దామంటే ఇంట్లో అందరూ మెట్లకు భయపడతారు. మెట్లు ఎవరినీ ఏమీ చెయ్యవు. అసలు తిప్పలన్నీ విడిపోయి మళ్లీ కలుసుకోవడంలోనే ఉన్నాయి. సామాను ఒకచోట అప్పగిస్తాం, ఫోన్లు ఇంకోచోట, చెప్పులు మరోచోట. ఆఖరికి జుట్టు కూడా ఇచ్చేసి ఒకళ్లనొకళ్లు వెతుక్కుంటాం. మా అన్నయ్య కొడుక్కి మూడో ఏట పుట్టువెంట్రుకలు తీయించడానికి అమ్మానాన్నలు, బాబాయి, పిన్ని, వదిన తమ్ముడితో సహా బయల్దేరినప్పుడు జరిగిందంతా ఇదే.

కొండ కింద, మెట్లు మొదలయ్యే అలిపిరిలో బ్యాగులకు తాళం వేసి కౌంటర్లో ఇస్తే ఉచితంగానే కొండమీదికి చేరుస్తారు. రసీదు చూపిస్తేనే పైన తిరిగి ఇస్తారు. మా రసీదు బాబాయి జేబులో ఉండిపోయింది. పిన్నికేమో మెట్లపూజ మొక్కు. ఆవిడ వంగి ప్రతి మెట్టుకూ పసుపూ కుంకుమా పెడుతుంటే, పొట్లాలు పట్టుకుని బాబాయి వెనకాలే. మిగతావాళ్లం చెమటకు తడిసిన బట్టలతో పైన వాళ్ల కోసం కూర్చున్నాం. రసీదు ఎప్పుడూ అందరికన్నా ముందు నడిచే మనిషి దగ్గర ఉండాలి. పసివాడికి ఒక జత బట్టలు, తువ్వాలు, పెద్దవాళ్ల మందులు, అందరి ఆధార్ కార్డులు చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

అలిపిరి దారిలో మెట్లు 3550. శ్రీవారి మెట్టు దారిలో 2388. లెక్క చూసి రెండోదే సులువనుకుంటారు గానీ అది పొట్టి దారి, నిట్టనిలువుగా ఎక్కుతుంది. పెద్దవాళ్లు ఉంటే అలిపిరే మేలు. చాలామటుకు పైకప్పు ఉంది, ఆగడానికి చోటుంది, నీళ్లు దొరుకుతాయి. దారిలో వచ్చే గాలిగోపురం దాకా ఊపిరి అందదు. అది దాటాక చాలాదూరం చదునుగా సాగుతుంది, జింకలు కనిపిస్తాయి. ఘాట్ రోడ్డు పక్కన నడవాల్సిన చోట ఎండెక్కితే వట్టికాళ్లు కాలతాయి కాబట్టి తెల్లవారుజామున మొదలుపెట్టాలి. 2023లో చిరుత దాడి తర్వాత మధ్యాహ్నం రెండు దాటితే పిల్లల్ని ఆ దారిలోకి పంపకూడదని నియమం పెట్టారు. పసివాళ్లున్నవాళ్లు పొద్దున్నే వెళ్లడానికి ఇదింకో కారణం.

గాలిగోపురం దగ్గర నాన్న వాళ్ల తాతగారి ముచ్చట మొదలుపెట్టారు. ఘాట్ రోడ్డు 1944లో పడింది. ఆయన అంతకు ముందే అటుకులు, బెల్లం మూటగట్టుకుని మనవళ్లను వంతులవారీగా భుజాన మోసుకుంటూ ఎక్కారట. మోకాళ్ల పర్వతమనే నిలువు మెట్ల దగ్గరికొచ్చాక అన్నమయ్య కథ చెప్పారు. చిన్నతనంలో చెప్పులతో ఎక్కుతూ ఇక్కడే సొమ్మసిల్లితే, అమ్మవారు కనిపించి చెప్పులు విప్పమన్నదని. అది వింటూనే మా బుడ్డోడు వాళ్ల నాన్న కాళ్లకు చెప్పులున్నాయేమోనని చూశాడు. లేవని తేలాకే కదిలాడు.

కల్యాణకట్టలో తలనీలాలకు డబ్బు తీసుకోరు. టోకెన్, బ్లేడు ఇచ్చి ఫలానా నంబరు దగ్గరికి పంపుతారు. పిల్లాణ్ణి మేనమామ ఒళ్లో కూర్చోబెట్టే ముందు కడుపు నిండా పెట్టాలి, తల బాగా తడపాలి. నిద్రమత్తులోనో ఆకలితోనో ఉంటే తల విదిలిస్తాడు, గాట్లు పడేది అందుకే. మావాడు మేనమామ చొక్కా గుండీ పట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. అన్నయ్య పక్క హాల్లో గుండు చేయించుకుని గంధం రాసుకుని వచ్చి ఎత్తుకుంటే, నాన్న చంకలో ఉండే “నాన్న కావాలీ” అని గుక్కపట్టాడు. పసివాళ్లకు జుట్టూ మీసమే నాన్న. అందుకే తండ్రి గుండు ముందు, బిడ్డ చూస్తుండగానే జరగాలి.

పిన్ని సంగతి ఇంకా బాగుంది. గంధం పూసిన గుండు, కొత్త పంచె చూసి “ఏవండీ, ఇటు రండి” అంటూ ఎవరో పెద్దాయన వెంట చాలాదూరం వెళ్లింది. ఆయన వెనక్కి తిరిగి “అమ్మా, మా ఆవిడ కూడా నాకోసం వెతుకుతోంది, ఇద్దరం కలిసి చూద్దాం” అన్నారు. అప్పటికప్పుడు మా మగవాళ్లందరికీ ఆకుపచ్చ తువ్వాళ్లు కొని భుజాన వేశాం. తెల్లవి, పసుపువి పనికిరావు. అక్కడ సగంమందివి అవే.

ఫోన్లు క్యూలోకి రానివ్వరు. వాటిని ఇచ్చేలోపే కలిసే చోటు అనుకోవాలి. “గుడి ముందు” అంటే చాలదు, అక్కడ వేలమంది ఉంటారు. బేడి ఆంజనేయస్వామి గుడి అనండి, మహాద్వారానికి ఎదురుగా ఉంటుంది, ఎవర్నడిగినా చూపిస్తారు. గది నంబరు, ఫోన్ నంబరు రాసిన చీటీ పిల్లాడి జేబులోనే కాదు, పెద్దవాళ్ల కొంగుకూ కట్టాలి.

బంగారు వాకిలి దగ్గర జయవిజయుల్ని దాటాక చూపు తిప్పకూడదు. అమ్మ అలవాటుకొద్దీ కళ్లు మూసుకుని దండం పెట్టింది. తెరిచేసరికి “జరగండి, జరగండి” అంటూ పక్కకు తెచ్చేశారు. బయటికొచ్చి గర్భగుడి గోపురం మీదుండే విమాన వెంకటేశ్వరుణ్ణి చూపిస్తే, అక్కడ మాత్రం రెప్ప వెయ్యకుండా నిలబడింది.

లడ్డూ 175 గ్రాములు, యాభై రూపాయలు. తాజాగా ఉన్నవాటిని ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి కడితే లోపల చెమ్మపట్టి బూజొస్తుంది. బ్యాగులో బట్టల కింద పెడితే పొడి అవుతుంది. వదిన స్టీలు డబ్బా తెచ్చింది కాబట్టి మావి నిలిచాయి: అడుగున కాగితం, ఒకే వరుస, చల్లారాకే మూత. ఊళ్లో దిగాక పంపకం అమ్మది. ఇంటికి సగం చొప్పున, మొక్కున్న ఇంటికి పూర్తిగా ఒకటి.