ఎనిమిదేళ్లు ఆవుని వెనక నుంచే చూశాను

సౌదీలో అల్ ఖర్జ్ దగ్గర ఒక పాల ఫారంలో ఎనిమిదేళ్లుగా చేస్తున్నా. మాది పొదిలి పక్క పల్లె. ఊళ్లో ఎవర్ని అడిగినా "వాడికి వేల ఆవులతో పని, తెలియందేముంది" అంటారు. పోయినేడు సెలవుకొచ్చేదాకా నేనూ అట్టాగే అనుకున్నా.

మా పార్లరు, అంటే పాలు పిండే చోటు, గుండ్రంగా తిరిగే పెద్ద చక్రం. ఆవులు ఎక్కి తలలు లోపలికి పెట్టి నిలబడతాయి. బయట నిలబడిన మాకు కనపడేది తోక, పొదుగు, నాలుగు చన్నులు. ఒకడు అయోడిన్ మందు అద్దుతాడు, ఒకడు నాలుగు ధారలు పిండి చూసి తుడుస్తాడు, ఇంకొకడు మిషను తగిలిస్తాడు. నాది పిండి చూసే పని. పాలల్లో పలుకులు కనపడితే పొదుగువాపు, పక్కకు తోలించాలి. అంతే. మేత కలిపేవాళ్లు వేరు, సూదులేసేవాళ్లు వేరు, దూడల్ని చూసేవాళ్లు వేరు.

పొదిలి, కనిగిరి మధ్య నాలుగెకరాలు, రేకుల షెడ్డుతో సహా అమ్మకానికుందని బావ ఫోన్ చేశాడు. నేను ఎక్సెల్‌లో ఇరవై హెచ్చెఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే సీమ పాలజాతి) ఆవులు, రోజుకిన్ని లీటర్లు, ఇంటూ 365 అని లెక్కేసి పెట్టుకున్నా. అది చూపిస్తే మేనమామ, "మరి వట్టిపోయిన రెండు నెల్లూ ఆవు గాలి తింటదా?" అన్నాడు. "ముందు నా బర్రెల కింద నలభై రోజులు పేడెత్తు. ఆనక కొందువులే."

ఆయనకు ఆరు బర్రెలు. మొదటి రోజు తెల్లారుజామున ఒకదాన్ని చూపించి "దీనికి ఒంట్లో ఎట్టుంది చెప్పరా" అన్నాడు. వంగి చూసి "పొదుగు బాగుంది మామా" అన్నా. నవ్వాడు. "ముట్టె చూడు." ముట్టె మీద, అదే ముక్కు కొసన, చెమ్మ లేదు, ఎండిపోయి ఉంది. చెవి పట్టుకుంటే చల్లగా తగిలింది. నెమరెయ్యడం లేదు. ఒంట్లో బాగాలేదన్నమాట. ఇన్నేళ్లలో ఆవు మొహంలోకి చూడాల్సిన పని నాకు పడనే లేదు.

ఎద, అంటే చూలు కట్టించే అదను, కనిపెట్టడం ఇంకా కష్టం. ఫారంలో ఆవు మెడకు బిళ్ల ఉంటుంది, కంప్యూటరే చెబుతుంది. బర్రెకు చాలాసార్లు మూగెద. అరవదు, గోల చెయ్యదు, ఏ అర్ధరాత్రో జిగురు తీగ వేసి ఊరుకుంటుంది. మనం నిద్రపోయామా, మళ్లీ ఎదకొచ్చేదాకా ఇరవై ఒక్క రోజులు ఆగాలి. ఆ రోజుల మేతంతా మన నెత్తినే.

మామకు చెప్పకుండా సంతలో ఒక బర్రెను కొన్నా. పొదుగు నిండుగా, కుండలా ఉంది. ఇంటికి తెచ్చి పిండితే ఆరు లీటర్లు. మర్నాటి నుంచి పూటకు మూడు దాటలా. అమ్మినవాడు ముందు రోజు సాయంత్రం పిండకుండా తోలుకొచ్చాడట. పొదుగులు చూసే జీతం తీసుకునేవాణ్ని, పొదుగు చూసే మోసపోయా! మామ తిట్టలేదు. "కొనే ముందు వాళ్ల ఇంట్లోనే పడుకోవాల. మూడు పూటలు నీ చేత్తో పిండాల. నీ చేతికి చేపి పాలు వదులుద్దో లేదో చూడాల. ఎన్నో ఈతో, పక్కనున్న దూడ దానిదేనో కాదో అడగాల" అన్నాడు.

పాల కేంద్రంలో ఇంకో పాఠం. అక్కడ డబ్బు పాలల్లో వెన్న శాతాన్ని బట్టి. హెచ్చెఫ్ పాలకు మూడున్నర దాకా వస్తే బర్రె పాలకు ఆరు, ఏడు. నా ఎక్సెల్ అక్కడే చిరిగింది. ఒంగోలు ఆవులు పెడదామని కూడా ఒకరోజు మనసు పడ్డా. బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో మందలు మందలున్న జాతి అది. కానీ వాళ్లు పెంచేది మాంసానికి. పాలమ్మి బతకాలంటే అభిమానం చాలదు.

ఆఖర్న పొలం దగ్గరికెళ్లాం. మామ షెడ్డు వైపు చూడనే లేదు, నేరుగా బోరు దగ్గరికి పోయాడు. ఒక్కో బర్రెకు రోజుకు పాతిక ముప్ఫై కిలోల పచ్చిమేత కావాల, నీళ్లు లేకపోతే నేపియర్ గడ్డి ఎట్టా పెరుగుద్దని ఆయన లెక్క. నాకు సౌదీ గుర్తొచ్చింది. భూమిలో నీళ్లు అడుగంటుతున్నాయని అక్కడి సర్కారే పచ్చిమేత సాగు తగ్గించేసింది. మా ఆవులకు గడ్డి ఓడల్లో వస్తుంది. పొదిలికి ఏ ఓడ వస్తుంది?

మే నెలలో బోరు నడుస్తుంటే వీడియో తీసి పంపమని పొలమాయనకు చెప్పి విమానం ఎక్కా. మే దాటి జూన్ వచ్చింది. ఆయన ఫోన్ ఎత్తడం లేదు.