నాయన అడిగిన మాట

పోయిన నెల మా నాయనకు తిరుపతిలో ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పరీక్ష, తీయించాము. టెక్నీషియన్ ఆయన నెరసిన జుట్టును పాయలుగా విడదీసి, తెల్లటి పేస్టు రాసి ఒక్కొక్క తీగనూ అంటిస్తూ ఉండగా, ఆయన కళ్ళు మూసుకునే, "నేను అనుకునేదంతా ఈ మిషన్లో పడతా ఉండాదా?" అని అడిగాడు. ఆ అబ్బాయి నవ్వి, "అట్లా ఏం పడదు తాతా, కదలకుండా పడుకో" అన్నాడు.

ఆస్పత్రి వరకు ఆ జవాబు నిజమే. కానీ 2008లో పుణెలో ఒక హత్య కేసులో నిందితురాలి తలకు ఇటువంటి తీగలే పెట్టి, నేరం గురించిన వాక్యాలు వినిపించి, ఆమె నోరు విప్పకపోయినా మెదడు స్పందనలను బట్టి ఆ నేరం ఆమె అనుభవంలో ఉన్నదని తేల్చారు. శిక్ష వేసిన కోర్టు ఆ ఫలితాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నది. 2010 మే 5న సెల్వి అనే మరో కేసులో సుప్రీంకోర్టు, సమ్మతి లేకుండా నార్కో (మత్తుమందు ఇచ్చి ప్రశ్నించడం), పాలిగ్రాఫ్ (అబద్ధాన్ని పట్టే యంత్రం), మెదడు పరీక్షలు చేయడం రాజ్యాంగంలోని 20(3) (నిందితుణ్ణి తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టరాదు), 21 (ప్రాణం, వ్యక్తి స్వేచ్ఛ) అధికరణాలకు విరుద్ధమని తీర్పు చెప్పింది. సమ్మతిని మేజిస్ట్రేట్ ఎదుట నమోదు చేయాలన్నది. లాకప్‌లో ఉన్నవాడి "సరే"కు ఎంత విలువ ఉంటుందో చిత్తూరు కోర్టు ఆవరణలో ఒక పూట కూర్చున్నవారికి తెలుసు. అంతదాకా ఎందుకు, నాయన పరీక్షకు ముందు ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టింది నేను. అందులో ఏముందో ఆయనకు చదివి చెప్పలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మెదడులో ఉన్నదాన్ని చదవడం కాదు, లేనిదాన్ని కలిగించడం. పార్కిన్సన్ రోగుల మెదడులో అమర్చే ఎలక్ట్రోడులు వణుకును తగ్గిస్తాయి. కొందరిలో మనోస్థితినీ, తమను తాము అదుపు చేసుకునే శక్తినీ కూడా మారుస్తాయని వైద్యులే నమోదు చేశారు. ప్రభుత్వాలు అంతటి పనికి ఒడిగడతాయా అనేవారు, 1953లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ మొదలుపెట్టి, ఏమీ చెప్పకుండా మనుషులకు భ్రమలు కలిగించే మందు ఎల్ఎస్‌డీ ఇచ్చి, 1973లో కాగితాలు చాలావరకు తగలబెట్టించిన ఎంకే అల్ట్రా అనే మనోనియంత్రణ ప్రయోగాలను గుర్తు చేసుకోవాలి. చిలీ దేశం 2021లోనే మెదడు పనితీరుకూ, అందులోని సమాచారానికీ రాజ్యాంగ రక్షణ కల్పించింది. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టమో, ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారాన్ని కేంద్రం చేతిలోనే పెట్టింది.

రేపు బెయిలు షరతుగానో, చికిత్స పేరుతోనో ఒక ఖైదీ మెదడులో ఆ ఎలక్ట్రోడుల వంటి పరికరం అమర్చుతామని ప్రభుత్వం వస్తే, సెల్వి తీర్పును పట్టుకొని లేచిన వకీలుకు మొదట ఎదురయ్యే మాట ఇదే: "ఇది సాక్ష్యం కోసం కాదు కదండీ."