రెండు పెగ్గులే అనుకున్న రోజులు

తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చింది. పైపొట్టలో మొదలైన నొప్పి వీపులోకి పొడుచుకుపోతోంది. పడుకుంటే ఇంకా ఎక్కువవుతోంది, ముందుకు వంగి మోకాళ్లు పట్టుకుని కూర్చుంటే కాస్త నయం. గ్యాస్ అనుకుని మాత్ర వేసుకున్నాను, పది నిమిషాల్లో అదీ వాంతిలో పోయింది. మా ఆవిడ నా ముఖం చూసి ఇంకేమీ అడగలేదు, ఆసుపత్రికి తీసుకెళ్లిపోయింది.

రక్తపరీక్షలో లైపేజ్, అంటే క్లోమం తయారుచేసే ఒక ఎంజైమ్, ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉంది. పాంక్రియాటైటిస్ అన్నారు, అంటే క్లోమం వాచింది. "తాగుతారా?" అని డాక్టర్ గారు అడిగితే, "రోజూ రెండు పెగ్గులండీ, అంతకు మించి ఎప్పుడూ లేదు" అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు, నేను నిజంగా అదే నమ్మాను. తాగి బండి తీయలేదు, ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు, మర్నాడు ఆఫీసుకి ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. బాధ్యతగా తాగండి అని సీసా మీద రాసేది నాలాంటి వాళ్లని చూసే కదా అనుకునేవాడిని.

మొదటి రెండు రోజులు నోటికి ఏమీ పెట్టనివ్వలేదు, సెలైన్, నొప్పి ఇంజెక్షన్లు అంతే. నొప్పి తగ్గుతోంది అనుకుంటుండగా రెండో రోజు రాత్రి చేతులు వణకడం మొదలైంది. చెమటకి పక్కబట్టలు తడిసిపోయాయి. మూడో రోజు గోడ మీద చీమలబారు కనిపించింది, తుడవమని నర్సుని పదేపదే అడిగానట, అక్కడ చీమలే లేవు. ఇది క్లోమం వల్ల కాదు, రోజూ అలవాటైన మద్యం ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల అని తర్వాత చెప్పారు. బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చి, మత్తుమాత్రలు మొదలుపెట్టి రోజురోజుకీ డోసు తగ్గించుకుంటూ వచ్చారు. రోజూ తాగేవాళ్లు ఇది చదువుతుంటే ఒక్కమాట: పౌరుషానికి పోయి ఇంట్లో ఒంటరిగా ఒక్కసారిగా మానేయకండి. ఫిట్స్ రావచ్చు, ప్రాణాలే పోవచ్చు. డాక్టర్‌కి ఎంత తాగుతున్నారో ఉన్నదున్నట్టు చెప్పి, వాళ్ల పర్యవేక్షణలో మానండి.

డిశ్చార్జికి ముందు సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపారు. ఆవిడ ఒక గ్లాసు, నీళ్ల సీసా నా ముందు పెట్టి, "ఇంట్లో ఒక పెగ్గు ఎలా పోసుకుంటారో అలా పోయండి" అన్నారు. పోశాను. కొలగ్లాసులోకి ఒంపి చూపించారు, 100 మిల్లీలీటర్లు. అంటే నా రెండు పెగ్గులు 200. నలభై శాతం మందులో అది దాదాపు 63 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఒక డ్రింక్ అంటే 10 గ్రాములు. నేను రోజూ ఆరు డ్రింకులు తాగుతూ రెండు అని చెబుతున్నాను, ఏళ్ల తరబడి. ఆ తర్వాత తాగుడు తీరు కొలిచే, ఆడిట్ అనే పది ప్రశ్నల కాగితం ఇచ్చారు, అదీ ఆ సంస్థ తయారుచేసిందే. 40కి 8 వచ్చినా జాగ్రత్తపడాలట. నాకు 21 వచ్చింది.

అప్పుడు కోపం వచ్చింది, మొదట నా మీద, తర్వాత ఆ 'బాధ్యతగా' అన్న మాట మీద. ఎంత తాగితే బాధ్యత? సీసా మీద ఎన్ని డ్రింకులున్నాయో రాయకుండా, ఏ జబ్బులొస్తాయో గట్టిగా చెప్పకుండా, బరువంతా తాగేవాడి నెత్తిన పెట్టేస్తే ఎలా? ఆల్కహాల్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే చెప్పింది, నాకు ఆసుపత్రి మంచం మీద తెలిసింది. క్యాన్సర్ హెచ్చరిక సీసా మీద వేయాలని ఐర్లాండ్ 2023లో నిబంధనలు చేసింది, 2026 నుంచి అన్నారు, మళ్లీ 2028కి వాయిదా వేశారు. ఆ వాయిదా వార్త చదివినప్పుడు చాలా బాధేసింది.

నన్ను నిలబెట్టినవాటిలో నేను అసలు ఊహించనిది మద్యం షాపు మూసే వేళ. ఇంటికొచ్చాక మొదటి మూడు నెలలు రాత్రి తొమ్మిది దాటితే ఒంట్లో ఏదో పీకుతున్నట్టు ఉండేది. ఆ కోరిక అలలా వచ్చి ఓ అరగంటలో దిగిపోతుందని, ఆ అరగంట దాటించుకోవాలని డాక్టర్ గారు చెప్పారు. షాపు మూతపడే దాకా గడియారం చూస్తూ కూర్చునేవాడిని, మా ఆవిడ పక్కన కూర్చుని ఏవేవో కబుర్లు చెప్పేది. మూసేశారని తెలిశాక భుజాల్లో బిగువు వదిలి నిద్ర పట్టేది. రాత్రంతా తెరిచి ఉంటే నేను ఎన్ని రాత్రులు గెలిచేవాడినో చెప్పలేను. పన్ను పెంచడం, ప్రకటనలు ఆపడం, అమ్మే వేళలు తగ్గించడం, ఈ మూడూ ప్రభుత్వాలు చేయదగ్గ మంచి పనులని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. సర్కారు మన ఇష్టాల్లో వేలు పెట్టడమేంటని ఒకప్పుడు నేనే వాదించాను. ఆ వాదన చేసినప్పుడు తొమ్మిదింటి తర్వాత నాకు ఇష్టం అనేది మిగల్లేదని తెలియదు.

పూర్తిగా నిషేధిస్తే అనేవాళ్లూ ఉన్నారు. నాకు దాని మీద నమ్మకం లేదు, దొంగసారాలో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసి చూపు పోగొట్టుకున్నవాళ్లు, చనిపోయినవాళ్లు ఉన్నారు. అమ్మేదాన్ని కొలతతో, హెచ్చరికతో, వేళతో అమ్మమనే అడుగుతున్నాను. మానాలనుకున్నవాడికి సర్కారు ఆసుపత్రిలో మంచం, కౌన్సెలర్ ఉండేలా చూడమనీ అడుగుతున్నాను.

పద్నాలుగు నెలలైంది. నూనె తగ్గించాను, కొవ్వు ఎక్కువైతే ఇప్పటికీ పొట్ట పట్టేసినట్టు ఉంటుంది, అన్నంతో పాటు అరుగుదలకి ఎంజైమ్ క్యాప్సూల్ వేసుకుంటున్నాను. పది కిలోలు తగ్గి నాలుగు తిరిగొచ్చాయి. క్లోమం ఎంత కోలుకుందో వచ్చే నెల స్కాన్‌లో చూస్తామన్నారు. మా ఆవిడ కూడా వస్తానంది.