మే డే సాయంత్రం, బీకన్ థియేటర్‌లో

హారిస్‌బర్గ్ నుంచి న్యూయార్క్ వెళ్ళే కీస్టోన్ రైల్లో కిటికీ పక్క సీటు దొరికితే అస్సలు వదులుకోకూడదు. లాంకాస్టర్ చుట్టుపక్కలంతా, పాతకాలపు పద్ధతుల్లోనే బతికే ఆమిష్ రైతుల పొలాలే. మేం వెళ్ళేటప్పటికి దుక్కుల కాలం. కంచరగాడిదలు కట్టి దున్నుకుంటున్న మనిషి, గట్టు మీద టోపీ పెట్టుకున్న పిల్లాడు కనిపించారు. రైల్లో మాత్రం ఎవరూ బయటికి చూడటం లేదు. అది 2019 మే 1, బుధవారం. అటార్నీ జనరల్ విలియం బార్ సెనేట్ జ్యుడిషియరీ కమిటీ ముందు కూచుని, 2016 ఎన్నికల్లో రష్యా జోక్యం మీద వచ్చిన ముల్లర్ నివేదిక గురించి జవాబులు చెబుతున్న రోజు. ఏ ఫోన్లో చూసినా ఆయన ముఖమే. మా ముందు సీట్లో ఇద్దరు దాని మీద గొంతులు పెంచుకుని, ఫిలడెల్ఫియాలో చెరో పెట్టెలోకి వెళ్ళిపోయారు.

అమెరికా జానపద గాయని జోన్ బాయెజ్ చివరిసారిగా దేశమంతా తిరుగుతోందనీ, అమెరికాలో ఆఖరి కచేరీ న్యూయార్క్ బీకన్ థియేటర్‌లోననీ తెలిసినప్పుడు మా ఆవిడే పట్టుబట్టింది. బాయెజ్‌కి డెబ్బై ఎనిమిదేళ్ళు, మళ్ళీ వినే అవకాశం రాదు అంది. మా ఆవిడ అప్పట్లో హెచ్4 వీసా, అంటే హెచ్1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద ఉంది. 2015లో వచ్చిన నిబంధన వల్ల ఉద్యోగం చేసుకుంటోంది. దాన్ని ఎత్తేస్తామని 2017 చివరినుంచీ అంటూ వస్తున్న రోజులవి. రెండేళ్ళుగా మా ఇంట్లో ఏ మాట మొదలుపెట్టినా, ఇల్లు కొనడం గురించైనా, పిల్లాడి బడి గురించైనా, చివరికి అక్కడికే వచ్చి ఆగేది. ఆ రోజు రైల్లో ఒక్కసారి కూడా దాని ఊసెత్తలేదు.

న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగి, సబ్‌వేలో డెబ్బై రెండో వీధి దాకా వెళ్తే అక్కణ్ణుంచి రెండడుగులు. బీకన్ 1929లో కట్టిన హాలు. వేదికకు అటూ ఇటూ ముప్ఫై అడుగుల గ్రీకు దేవతల బొమ్మలు. మా సీట్లు బాల్కనీలో బాగా పైన. చుట్టూ ఎటు చూసినా తెల్లజుట్టే. నా పక్కన ఒక పెద్దావిడ కూచుంది. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా ఊరేగింపుల్లో నడిచిందట. కూచోగానే, "మీరు ఇంత చిన్నవాళ్ళు, ఈవిడ మీకెలా తెలుసు?" అని అడిగింది.

నేను వరంగల్లువాణ్ణి. కాలేజీ రోజుల్లో ధూంధాం సభల్లో రాత్రి రెండింటిదాకా నిలబడి పాటలు విన్నవాణ్ణి. పాటంటే మాకు గజ్జె, గొంగడి, డప్పు. పాడేవాడు ఎగిరి దూకుతుంటే జనం కోరస్ అందుకోవాలి. ఇక్కడ వేదిక మీద పొట్టిగా కత్తిరించిన వెండి జుట్టుతో ఒక మనిషి, చేతిలో ఒక గిటార్. కదలదు, ఎగరదు. మొదట్లో నాకు కాస్త వెలితిగానే అనిపించింది. గొంతు కూడా పాత రికార్డుల్లో విన్నది కాదు. ఆ ఆకాశాన్ని తాకే స్థాయి పోయింది. కానీ కింద మిగిలిన గొంతులో పదం పదం విడిగా, స్పష్టంగా వినపడుతుంది. ఎక్కడ పైకి పోలేదో అక్కడ ఆమె దాచుకోలేదు, స్థాయి తగ్గించి పాడింది. ఆ నిజాయితీ నాకు చాలా నచ్చింది. వెనక డ్రమ్ముల దగ్గర కూచున్నది ఆమె కొడుకు గేబ్రియల్. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో పాడేనాటికి ఆమె కడుపులో ఉన్నది అతనే.

చార్ల్‌స్టన్‌లో నల్లవాళ్ళ చర్చిలో 2015లో తొమ్మిది మందిని కాల్చి చంపినప్పుడు, సంతాప సభలో ఒబామా ఉన్నట్టుండి పాట ఎత్తుకున్న సంగతి గుర్తుండే ఉంటుంది. దాని మీద వచ్చిన పాట బాయెజ్ పాడింది. అప్పటికి నాలుగు రోజుల కిందటే కాలిఫోర్నియాలోని పోవేలో ఒక సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనాలయంలో, కాల్పులు జరిగాయి. ఆ ఊరి పేరు ఎవరూ ఎత్తక్కర్లేకపోయింది. ముందు వరసల్లో ఒకాయన లేచి నిలబడి, పాట అయ్యేదాకా కూచోలేదు.

తర్వాత లాస్ గాటోస్ పాట.

1948 జనవరి 28న కాలిఫోర్నియాలో లాస్ గాటోస్ లోయలో ఒక విమానం కూలిపోయింది. మెక్సికో కూలీలను వెనక్కి పంపించేస్తున్న విమానం అది. ముప్ఫై రెండు మంది చనిపోతే అందులో ఇరవై ఎనిమిది మంది కూలీలు. వార్తల్లో విమాన సిబ్బంది పేర్లు చెప్పి, మిగతావాళ్ళను వెనక్కి పంపేస్తున్నవాళ్ళు అని మాత్రమే అన్నారు. అది మనసుకు పట్టి జానపద గాయకుడు వుడీ గత్రీ రాసిన పాట. ఫ్రెస్నోలో అందరినీ కలిపి పూడ్చిన చోట పేర్లతో రాయి వేసింది 2013లో, అరవై అయిదేళ్ళకు. బాయెజ్ తండ్రి కూడా మెక్సికోలో పుట్టినవాడే. చిన్నప్పుడు ఈ దేశం వచ్చి భౌతిక శాస్త్రవేత్త అయ్యాడు. ఈ పాట ఆమె పాడితే ఆ బరువే వేరు.

నాకు మాత్రం ఫార్మింగ్టన్ గుర్తొచ్చింది. 2019 జనవరి ఆఖర్లో, మిషిగన్‌లో ప్రభుత్వమే వలగా పెట్టిన దొంగ యూనివర్సిటీలో చేరారని 130 మంది విద్యార్థుల్ని పట్టుకున్నారు. అందులో 129 మంది భారతీయులు, ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. చదువు ముసుగులో పని చేసుకుందామనుకున్న తప్పు వాళ్ళది అని మనవాళ్ళే తీర్పులిచ్చేశారు. కొందరికి తెలిసే ఉండొచ్చు. అయినా ఆ వారమంతా టీవీల్లో నేను విన్నది అంకె ఒక్కటే. ఏ తల్లి ఏ పొలం తాకట్టు పెట్టి పంపిందో ఒక్కరూ చెప్పలేదు. డెబ్బై ఏళ్ళ నాటి పాట, ఒక్క అక్షరం మార్చకుండా, మా ఇంటి సంగతి పాడుతున్నట్టుంది. మా ఆవిడ ఏడుస్తోంది. నేనూ ఆపుకోలేకపోయాను.

అది మే డే కదా, జో హిల్ పాట రాకుండా ఎలా ఉంటుంది? 1915లో యూటాలో తుపాకులతో కాల్చి శిక్ష అమలు చేసిన కార్మిక కవి మీద పాట. అప్పుడందుకుంది హాలు. వేల గొంతులు, అన్నీ ముసలి గొంతులే. పక్కావిడ వేళ్ళ కణుపులు వాచిపోయి వంకర్లు తిరిగి ఉన్నాయి. ఆ వేళ్ళతోనే కుర్చీ చేతి మీద తాళం వేస్తోంది, ఒక్క దెబ్బ తప్పకుండా. వరంగల్లు మైదానంలో నాకు తెలిసిన కోరస్ ఇదే.

కచేరీ అయ్యాక మెట్లు దిగుతూ పక్క సీటు పెద్దావిడ అడిగింది, మీ దేశంలోనూ ఇలాంటి గాయకులున్నారా అని. మా ఆవిడ గద్దర్ గురించి చెప్పింది. 1997 ఏప్రిల్‌లో ఇంటికొచ్చి కాల్చారనీ, ఒక తూటా ఇంకా ఒంట్లోనే ఉందనీ, దాంతోనే ఆడి పాడుతున్నాడనీ. ఆవిడ మెట్ల మీద ఆగిపోయి పేరు మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత, బాయెజ్ పాత మార్టిన్ కంపెనీ గిటార్ విప్పినప్పుడు, మరమ్మతు చేసినవాడెవడో చెక్క లోపలివైపు "నువ్వు కమ్యూనిస్టువి కావడం విచారకరం" అని రాసిపెట్టిన మాటలు బయటపడ్డ కథ ఆ పెద్దావిడ చెప్పింది. వాటినే 1998లో ఆమె పేరు మీద చేసిన గిటార్లలోనూ దించారట.

ఆ రాత్రి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా బామ్మర్ది గదిలో పడుకోవాలని అనుకున్నాం. చేరేసరికి ఒంటిగంట. పప్పుచారు వేడిచేసి పెట్టాడు. తింటూ వాళ్ళక్క లాస్ గాటోస్ కథ చెబితే విని, వాడు ప్లేటు పక్కన పెట్టి ఫోన్ తీశాడు. ఫిబ్రవరిలో వెనక్కి వెళ్ళిపోయిన వాడి పాత రూమ్మేట్ ఖమ్మంలో ఉన్నాడట. అక్కడ పొద్దున పదిన్నర. "అక్కా, నువ్వే మాట్లాడు, నేను రెండు నెలల్నుంచి చేయలేదు" అని ఫోన్ తన చేతికిచ్చాడు.

"తమ్ముడూ, టిఫిన్ తిన్నావా?" అని మొదలుపెట్టింది మా ఆవిడ.