ఫారంలో రాయని 40 డాలర్లు

నిన్న పాలిగ్రాఫ్, అంటే అబద్ధాలు పట్టడానికని పెట్టే మిషన్ పరీక్ష, అయింది. ఇక్కడ టెక్సస్‌లో పోలీసు ఉద్యోగానికి అప్లై చేశానని దగ్గరివాళ్లకు తెలుసు. అమెరికాలో 1988 చట్టం ప్రకారం చాలావరకు ప్రైవేటు కంపెనీలు ఈ పరీక్ష పెట్టకూడదు, ప్రభుత్వ శాఖలకు మాత్రం ఆ అడ్డు లేదు.

ఛాతీకి, పొట్టకు రబ్బరు గొట్టాలు, చేతికి బీపీ పట్టీ, వేళ్లకు చెమటను కొలిచే క్లిప్పులు. కానీ నా పరీక్ష అవి తగిలించక ముందే అయిపోయింది. అడగబోయే ప్రశ్నలన్నీ ముందే చదివి వినిపిస్తారు, అందులో 'పనిచేసిన చోట ఎప్పుడైనా డబ్బు తీశావా' అనగానే, 19 ఏళ్లప్పుడు గ్యాస్ స్టేషన్ గల్లాలోంచి తీసిన 40 డాలర్లు, ఫారంలో రాయకుండా దాచినవి, గొంతుకు అడ్డుపడ్డాయి. చెప్పేశాను. పరీక్ష చేసే ఆయన పెన్ను పక్కన పెట్టి 'మరి ఫారంలో ఎందుకు రాయలేదు?' అన్నారు. అప్పుడు పట్టింది నాకు చెమట. సిగ్గేసి రాయలేదన్నాను, నిజం అదే.

ఆ మిషన్ పట్టేది అబద్ధాన్ని కాదు, ఒంట్లో కంగారుని. అందుకే దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు, అయినా చెప్పినందుకు బాధ లేదు.

రాత్రి నాన్నకూ ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 'ఆ డబ్బు తిరిగిచ్చావా?' అన్నారు.

ఇవ్వలేదు. శనివారం వెళ్తున్నాను.