నా డిగ్రీకి నేనే వేసుకున్న తాళం

పాలకొల్లు సంబంధం వాళ్ల మాట మోసుకొచ్చిన మధ్యవర్తి మా అరుగు మీద కాఫీ పూర్తిగా తాగాక గానీ అసలు విషయానికి రాలేదు. అబ్బాయి బాబాయి కొడుకు టెక్సాస్‌లో ఉంటాడట. నేను ఎంఎస్ చదివిన యూనివర్సిటీకి ఫోన్ చేస్తే, ఆ పేరు గల మనిషి గురించి ఇవ్వడానికి తమ దగ్గర ఏ సమాచారమూ లేదన్నారట. "పైగా హాల్లో ఫోటో మే నెలది, సర్టిఫికెట్ జిరాక్సులో ఆగస్టు అని ఉందండి. వాళ్లు అడుగుతున్నారు, నేనేం చెప్పను?" అన్నాడు.

నాన్న నా వైపు చూశారు. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరికాయ ఊపి లోపల నీళ్లున్నాయో లేదో చెప్పే మనిషి ఆయన. ఆ చూపు నాకు తెలుసు.

రెండు అనుమానాలకూ కారణం ఒక్కటే. ఒక సి గ్రేడు.

మా ప్రోగ్రాంలో 30 క్రెడిట్లు పూర్తి చేయాలి, జీపీఏ 3.0కి తగ్గకూడదు. అంతవరకు అందరికీ తెలిసిందే. కోర్ సబ్జెక్టులో బి కన్నా తక్కువ వస్తే ఆ సబ్జెక్టు డిగ్రీ లెక్కలోకి రాదన్న సంగతి నేను హ్యాండ్‌బుక్‌లో చదివాను గానీ, నా గురించి రాశారని అనుకోలేదు. మూడో సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్‌లో సి వచ్చింది. మళ్లీ చదవాలంటే ఆ కోర్సు వేసవిలోనే ఉంది. ఒక్క కోర్సు మిగిలినవాళ్లను మే నెల స్నాతకోత్సవంలో నడవనిస్తారు కాబట్టి నడిచాను. చేతికిచ్చిన ఫోల్డర్‌లో పట్టా ఉండదు, ఖాళీ అట్టే. దాంతోనే ఫోటో దిగాను. అమ్మ దాన్ని ఫ్రేం కట్టించి హాల్లో పెట్టింది. గ్రాడ్యుయేషన్ అప్లికేషన్ మళ్లీ పెట్టుకుని, విద్యార్థి వీసాకి కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం పొడిగించుకుని, ఆగస్టులో నిజంగా డిగ్రీ చేతికందింది. ఆ వేసవి ఫీజుకి మాత్రం ల్యాప్‌టాప్ పాడైందని నాన్నను అడిగాను.

ఇక తాళం సంగతి. సి వచ్చిన వారం నాకు నిద్ర లేదు. నాన్న తెలిసినవాళ్ల చేత యూనివర్సిటీకి ఫోన్ చేయిస్తే? స్టూడెంట్ పోర్టల్‌లో 'నా సమాచారం ఎవరికీ ఇవ్వవద్దు' అన్న పెట్టె కనిపిస్తే టిక్ పెట్టేశాను. హమ్మయ్య అనుకున్నాను.

ఎంత తెలివితక్కువ పనో తర్వాత అర్థమైంది. అమెరికాలో 1974 నుంచి ఫెర్పా అని ఒక చట్టం ఉంది. పిల్లలు కాలేజీలో చేరగానే రికార్డుల మీద హక్కు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు మారిపోతుంది. నేను రాసిస్తే తప్ప నా గ్రేడు నాన్నకు చెప్పరు. అక్కడి ట్యాక్సు లెక్కల్లో పిల్లల్ని తమ మీద ఆధారపడ్డవాళ్లుగా చూపించే తల్లిదండ్రులకైతే చెప్పే వీలుంది గానీ, మా నాన్న కట్టే పన్నల్లా పంచాయతీకే. అంటే నేను దాచాలనుకున్న గ్రేడు ముందే భద్రంగా ఉంది. ఆ టిక్ దాచింది వేరే వాటిని: పేరు, ఏం చదివాను, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, డిగ్రీ వచ్చిందా లేదా. వీటిని డైరెక్టరీ సమాచారం అంటారు, మామూలుగా అడిగినవాళ్లకు చెప్పొచ్చు. నలుగురికీ తెలియాల్సినవి అవే! చదువు అయిపోయినా ఆ టిక్ చెరిగిపోదు. విద్యార్థిగా ఉన్నప్పుడు వద్దన్నది, మనమే మళ్లీ సరే అనేదాకా వాళ్లు పాటించాల్సిందే.

తీసేయాలంటే పోర్టల్‌లోకి వెళ్లాలి. చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి మీద రెండేళ్లు పనిచేసి వచ్చేశాక కాలేజీ ఈమెయిల్ మూసేశారు. ఓటీపీ వెళ్లే అమెరికా నంబరు ఎప్పుడో వదిలేశాను. రిజిస్ట్రార్ ఆఫీసు ఉదయం ఎనిమిదికి తెరిస్తే ఈ చలికాలంలో మనకు రాత్రి ఏడున్నర. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను, పక్కన నాన్న. అవతలి అమ్మాయి నా ఐడీ నంబరు, మొదటి సెమిస్టర్ కోర్సులు అడిగి, ఆగి, "మీ పక్కన ఎవరైనా ఉన్నారా?" అంది. నాన్న ఉన్నారన్నాను. "ఆయన వినడం మీకు ఇష్టమేనా?"

నాన్నకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. లేచి చెప్పులు వేసుకుని కాలవ గట్టు మీదకు వెళ్లిపోయారు.

మిగతాది కాగితాల పని. టిక్ తీసేయమని సంతకం పెట్టిన ఫారం, పాస్‌పోర్ట్ కాపీ, నోటరీ ముద్ర. అమలాపురం కోర్టు దగ్గర నోటరీ గారు అమెరికా కాగితం చూసి రెండు ముద్రలు ఎక్కువే కొట్టారు. స్కాన్ చేసి పంపిస్తే, ముద్ర మీద పేరు సరిగా కనపడటం లేదని తిరిగొచ్చింది. ముద్ర తేటగా పడేలా మళ్లీ కొట్టించుకుని పంపించాను. పన్నెండో రోజుకి తాళం తీశామని మెయిల్ వచ్చింది. పాలకొల్లు వాళ్ల కోసం అక్కడి కాలేజీల తరఫున డిగ్రీలు నిజమో కాదో చెప్పే నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్‌లో డిగ్రీ ధ్రువీకరణ తీసుకుని మధ్యవర్తికి ఇచ్చాను. వాళ్లు చించినాడ వంతెన దాటి మళ్లీ వస్తామన్నారట. అమ్మ చూద్దాంలెండి అంది.

నాన్నకు మాత్రం నేనే ట్రాన్‌స్క్రిప్ట్, అంటే గ్రేడ్లన్నీ ఉండే జాబితా, ప్రింటు తీసి ఇచ్చాను. ఎవరూ అడగలేదు. ఆయన కళ్లజోడు పెట్టుకుని వరసగా వేలు జరుపుకుంటూ పోయి, స్టాటిస్టిక్స్ దగ్గర ఆగారు. కింద వేసవిలో మళ్లీ అదే పేరు, ఈసారి 'ఏ' గ్రేడు. చాలాసేపు ఏమీ అనలేదు.

"అయితే ఆ ల్యాప్‌టాప్ ఇదేనా అమ్మా?" అన్నారు.