ఓడ సీజన్ మారేటప్పుడు ఎక్కాలి

కడప ఆర్టీసీ డిపోలో ట్రాఫిక్ పని చూసినవాణ్ణి, అందుకే సీజన్ మారేటప్పుడు విహారయాత్రల ఓడలు ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రానికి పోతూ మనుషుల్ని ఎక్కించుకుంటాయన్న సంగతి నాకు వెంటనే అర్థమైంది. బ్రహ్మోత్సవాలకు తిరుపతికి పంపిన స్పెషల్ బస్సులు ఎట్లాగూ వెనక్కి రావాల్సిందే. ఖాళీగా వచ్చేకంటే నలుగురిని ఎక్కించుకొస్తే మేలు కదా! ఆ పెద్ద క్రూయిజ్ ఓడలదీ అదే లెక్క.

వేసవంతా మధ్యధరా సముద్రంలో తిరిగిన ఓడల్లో ఎన్నో అక్టోబరు, నవంబరుల్లో అట్లాంటిక్ దాటి కరీబియన్‌కు పోతాయి, ఏప్రిల్ ప్రాంతంలో తిరిగొస్తాయి. అలాస్కా ఓడలు కొన్ని సీజన్ అయ్యాక పనామా కాలువ మీదుగా కరీబియన్‌కే వస్తాయి. 1914లో తెరిచిన, సుమారు 80 కిలోమీటర్ల ఆ కాలువను డెక్ మీద నిలబడి చూడాలని నాకెంత ఆశో!

రోజు లెక్కన చూస్తే ఈ ప్రయాణం ఛార్జీ మామూలు క్రూయిజ్ కంటే చాలాసార్లు తక్కువే. ఎందుకంటే వరుసగా ఐదారు రోజులు నీళ్లు తప్ప ఏ ఊరూ రాదు. నాకు కావాల్సిందే అది. పైగా పడమటికి పోయేటప్పుడు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, ఆరోజు 25 గంటలు!

"మళ్లీ వచ్చేదెట్లన్నా?" అన్నాడు మా తమ్ముడు. అసలు ఖర్చు అక్కడే. స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఎక్కి అమెరికాలోని మయామీలో దిగాలంటే మనకు యూరప్‌లో చాలా దేశాలకు చెల్లే షెంజెన్ వీసా, అమెరికా వీసా రెండూ ఉండాలి. విమానం పోయేది ఒక ఊరికి, వచ్చేది ఇంకో ఊరి నుంచి. విడివిడిగా కొనేముందు, ఈ రెండూ కలిపి ఒకే బుకింగ్‌లో ఇచ్చే మల్టీ సిటీ టికెట్ ధర కూడా చూడండి. ఇవన్నీ కలిపాకే ఓడ చవకో కాదో తేలేది.

మేం ముందు అమెరికా వీసా పని మొదలుపెడుతున్నాం. ఇంటర్వ్యూ చెన్నైలో దొరికితే కడప నుంచి రైల్లో పోయి రావచ్చు.